షూమన్ చివరి సంగీతాన్ని ఎవరు పక్కన పెట్టారు, ఎందుకు

రాబర్ట్ షూమన్ చివరి రచనల గురించి మాట మొదలైతే చాలు, నాలుగో వాక్యంలోనో ఐదో వాక్యంలోనో రైన్ నది వచ్చేస్తుంది. 1854 ఫిబ్రవరి 27న, డ్యూసెల్‌డార్ఫ్ ఊరంతా కార్నివాల్ సందడిలో ఉండగా, ఇంట్లో కూర్చుని పియానో వేరియేషన్లకు, అంటే ఒకే రాగాన్ని రకరకాలుగా మార్చి రాసిన ముక్కలకు, శుభ్రప్రతి రాసుకుంటున్న మనిషి ఉన్నట్టుండి లేచి, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లి, వంతెన మీద నుంచి నదిలో దూకాడు. పడవవాళ్లు బయటికి లాగారు. వారం తిరక్కముందే బాన్ దగ్గర ఎండెనిష్‌లో ఉన్న మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లారు, 1856 జూలై 29న 46 ఏళ్లకే అక్కడే పోయాడు. ఇదంతా నిజమే. కాకపోతే ఈ కథ ఒకసారి తలకెక్కాక, అంతకు ముందు మూడున్నరేళ్లలో ఆయన రాసిన ప్రతి పేజీలోనూ పిచ్చి ఆనవాళ్లు వెతకడం మొదలవుతుంది. ఒక మాట రెండుసార్లు వస్తే 'బుర్ర అలసిపోయింది' అంటారు. రాగం ఒక చోటే తిరుగుతుంటే 'బయటికి రాలేకపోతున్నాడు' అంటారు. అదే పని ఇంకొకరు చేస్తే ధ్యానం అంటారు, అది వేరే సంగతి.

ముందు 'చివరి రచనలు' అంటే ఏవో తేల్చుకోవాలి. 1850 సెప్టెంబరులో షూమన్ కుటుంబంతో డ్యూసెల్‌డార్ఫ్ వచ్చి నగర సంగీత దర్శకుడిగా చేరాడు. అక్కడి నుంచి 1854 ఫిబ్రవరి దాకా రాసినవే ఈ గొడవకు మూలం. అప్పటికి ఆయన వయసు 40 నుంచి 43. చివరి దశ అనగానే కళ్లజోడు పెట్టుకున్న ముసలాయన గుర్తొస్తాడు గానీ ఇక్కడ ఉన్నది ఇంట్లో చిన్నపిల్లలున్న, ఉద్యోగం చేసుకుంటున్న, పొద్దున్నే కూర్చుని మధ్యాహ్నానికి ఒక మూవ్‌మెంట్, అంటే రచనలో ఒక భాగం, ముగించేసే మనిషి. ఆయన మొత్తం రచనల్లో దాదాపు మూడోవంతు ఈ కాస్త కాలంలోనే వచ్చింది. అంత సంగీతాన్ని ఒకే గాటన కట్టేసి 'బాగుంది', 'బాగాలేదు' అని ఒక్క మాటలో తేల్చాలనుకోవడమే ఈ వాదనలో మొదటి తప్పు.

అయితే ఆ ఒక్క మాట చాలాకాలం చెల్లింది. మేధావిగా మొదలుపెట్టి ప్రతిభావంతుడిగా ముగించాడు అని ఫెలిక్స్ డ్రేజెకె అనే జర్మన్ సంగీతకారుడు షూమన్ మీద ఒక చురక వేశాడు. చురక కదా, అతుక్కుపోయింది. సంగీత చరిత్ర చెప్పేవాళ్లు కూడా దాన్నే కాస్త మర్యాదగా చెప్పేవారు: 1830లలో పియానో ముక్కలు అద్భుతం, 1840లో పాటలు అద్భుతం, 1841, 42లలో సింఫనీలు, క్వార్టెట్‌లు బాగున్నాయి, ఆ తర్వాత మెల్లగా కిందికి. ఈ గ్రాఫ్‌లో ఇమడని రచన ఒకటి ఎదురైతే దాన్ని మినహాయింపు అంటారు. 1850 చివర్లో నెల రోజుల్లో రాసిన మూడో సింఫనీ, అంటే రైనిష్, మినహాయింపు. అదే ఏడాది అక్టోబరులో రెండు వారాల్లో రాసిన చెల్లో కాన్సెర్టో, అంటే సోలో చెల్లో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన, మినహాయింపు. 1851 నాటి రెండో వయొలిన్ సొనాటా మినహాయింపు. గేటే నాటకం ఫౌస్ట్ మీద పదేళ్ల పాటు ఆగి ఆగి రాసిన దృశ్యాలకు 1853లో కట్టిన ఓవర్చర్, అంటే ప్రారంభ సంగీతం, గురించి ఎవరూ ఎత్తరు. మినహాయింపులు ఇన్ని పోగయ్యాక ఇక నియమం ఎక్కడ మిగిలినట్టు?

చెల్లో కాన్సెర్టో సంగతే చూడండి. ఇవాళ చెల్లో వాయించేవాళ్లలో ఇది నేర్చుకోనివాళ్లు దాదాపు ఉండరు. కానీ షూమన్ బతికుండగా ఒక్కసారి కూడా వేదిక ఎక్కలేదు, మొదటి ప్రదర్శన 1860లో. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. వాయిస్తానని మాట ఇచ్చిన చెల్లో కళాకారుడు అది మార్చండి, ఇది మార్చండి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, షూమన్ మార్చలేదు, ఆయన వాయించలేదు. ఇందులో కచేరీ హీరోకు చప్పట్లు తెచ్చిపెట్టే తళుకులు తక్కువ. మూడు భాగాలూ మధ్యలో ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి నడుస్తాయి. నెమ్మది భాగంలో ఆర్కెస్ట్రాలోంచి ఇంకో చెల్లో మెల్లగా లేచి సోలో చెల్లోకు జోడీ అవుతుంది, ఒంటరి కథానాయకుడి పక్కన ఇంకో గొంతు వచ్చి కూర్చున్నట్టు. చివర్లో కాడెన్సాను, అంటే సోలో వాద్యం తన ప్రతిభ చూపించే ఘట్టాన్ని కూడా ఒంటరిగా వదలడు, ఆర్కెస్ట్రా కింద నుంచి తోడుంటుంది, ఆ రోజుల్లో ఇది కొత్త. 1851లో షూమన్ భార్య, పియానో కళాకారిణి క్లారా దీన్ని మళ్లీ వాయించి చూసుకుని, ఆ తాజాదనం, చెల్లో ఆర్కెస్ట్రాతో అల్లుకుపోయే తీరు ఎంత బాగున్నాయో అని డైరీలో మెచ్చుకుంది. అయినా శతాబ్దం తర్వాత, 1963లో, రష్యన్ సంగీతకారుడు షొస్టకోవిచ్ దీని ఆర్కెస్ట్రా భాగాన్ని మళ్లీ రాశాడు. అంతకు ముందు సంగీతకారుడు, కండక్టర్ అయిన మాలర్ షూమన్ నాలుగు సింఫనీలనూ సరిదిద్దాడు. షూమన్‌కు ఆర్కెస్ట్రా రాయడం రాదు అన్న నమ్మకం అంత గట్టిది.

ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. 1841లో రాసిన డి మైనర్ సింఫనీని ఆయన 1851లో మళ్లీ రాశాడు, అదే ఇప్పుడు నాలుగో సింఫనీ. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా ఇట్టే తెలుస్తుంది. పాతది పలచగా, గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. కొత్తది చిక్కగా ఉంటుంది, ఒక వాద్యం పలికేదాన్ని ఇంకో రెండు వాద్యాలు కూడా పలుకుతుంటాయి. షూమన్ కుటుంబానికి దగ్గరైన యువ సంగీతకారుడు బ్రామ్స్‌కు పాతదే నచ్చింది, క్లారా వద్దంటున్నా వినకుండా 1891లో దాన్ని అచ్చు వేయించాడు. ఈ చిక్కదనానికి కారణం జబ్బు అనేవాళ్లు ఉన్నారు, డ్యూసెల్‌డార్ఫ్ ఆర్కెస్ట్రాలో ఎవరు వస్తారో ఎవరు రారో నమ్మకం లేక, ఒకరు తప్పినా రాగం తప్పిపోకుండా ఇద్దరు ముగ్గురికి పంచాడని అనేవాళ్లూ ఉన్నారు. రెండో కారణమే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది, ఎందుకంటే అదే కాలంలో నలుగురైదుగురి కోసం రాసిన ఛాంబర్ సంగీతంలో ఈ ముద్దతనం లేదు. షూమన్ మంచి కండక్టర్ కూడా కాదు. మాట్లాడడం తక్కువ, రిహార్సల్‌లో ఏం కావాలో చెప్పేవాడు కాదు. 1853 నవంబరు నాటికి కమిటీ వాళ్లే వచ్చి మీ సొంత రచనలు మాత్రమే నడిపించండి, మిగతావి సహాయకుడు చూసుకుంటాడు అనేదాకా వచ్చింది. దాంతో ఉద్యోగం అయిపోయినట్టే.

ఇక అసలు గొడవ వయొలిన్ కాన్సెర్టోది.

1853 సెప్టెంబరు 21న మొదలుపెట్టి అక్టోబరు 3కి ముగించాడు, రెండు వారాలు కూడా పట్టలేదు. రాసింది జోసెఫ్ యోఆకిమ్ కోసం. అప్పటికి యోఆకిమ్‌కు 22 ఏళ్లు, అప్పటికే యూరప్‌లో పేరున్న వయొలినిస్ట్. 1854 జనవరిలో హానోవర్‌లో ఆర్కెస్ట్రాతో ఒకసారి వాయించి చూశారు. బహిరంగ కచేరీలో మాత్రం యోఆకిమ్ దాన్ని ఎప్పుడూ వాయించలేదు. క్లారా, బ్రామ్స్, యోఆకిమ్ ముగ్గురూ అది ఆయన స్థాయికి తగింది కాదనుకున్నారు, సంపూర్ణ రచనల సంపుటాల్లోనూ వేయలేదు. యోఆకిమ్ 1907లో పోయాక రాతప్రతి బెర్లిన్ ప్రష్యన్ గ్రంథాలయానికి చేరింది, షూమన్ పోయి వందేళ్లు నిండేదాకా, అంటే 1956 దాకా, అచ్చు వేయకూడదన్న షరతుతో.

ఇక్కడ యోఆకిమ్ చెప్పిన రెండు మాటలు పక్కపక్కన పెట్టాలి. 1898లో ఈ కాన్సెర్టో ఎందుకు బయటపెట్టలేదో వివరిస్తూ రాసిన ఉత్తరంలో, ఇందులో ఒక రకమైన అలసట కనిపిస్తోందని, మిగిలిన కాస్త శక్తినీ పిండి రాబట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉందని అన్నాడు. అందరూ ఎత్తి చూపేది ఈ మాటే. కానీ 1854 నవంబరులో, ఎండెనిష్‌లో ఉన్న షూమన్‌కు ఆయనే రాసిన ఉత్తరం ఇంకోలా ఉంది. హానోవర్‌లో వాయించినప్పుడు కండక్టింగ్ చేసి చేసి చెయ్యి అలసిపోయి ఉందని, ఇప్పుడు ఆ కాన్సెర్టో తనకు బాగా పట్టుబడిందని, మూడో మూవ్‌మెంట్ ఇప్పుడు ఎంతో హుందాగా వినిపిస్తోందని చెప్పాడు. దాన్ని విని, కొషూష్కో, సోబియెస్కీ ఇద్దరూ కలిసి పొలొనేజ్ నాట్యం మొదలుపెట్టినట్టు ఉందని ఇద్దరం నవ్వుకున్నాం గుర్తుందా అని కూడా అడిగాడు. వాళ్లిద్దరూ పోలండ్ వీరులు, ఒకరు సేనాని, ఒకరు రాజు. జబ్బు మనిషిని ఉత్సాహపరచడానికి అలా రాసి ఉండొచ్చు, కాదనలేం. అయినా అలసట ఎవరి చేతిలో ఉందో, ఏ ఏడాది నుంచి కనిపించడం మొదలైందో ఒకసారి ఆలోచించాల్సిన విషయమే.

ఆ మూడో మూవ్‌మెంట్ ఒక్కటీ దగ్గర నుంచి చూస్తే ఈ వాదన అంతా అందులోనే ఉంది. పొలొనేజ్ లయ, బార్‌కు మూడు లెక్కలు. వేగం గురించి షూమన్ రాసిన సూచనకు అర్థం 'హుషారుగా, కానీ వేగంగా కాదు'. పక్కన మెట్రోనోమ్ అంకె 63, అంటే నిమిషానికి 63 లెక్కలు. ఒక బార్ నడవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. చేతికి వాచీ ఉంటే సెకను ముల్లు చూస్తూ తట్టి చూడండి, ఆ ముల్లు కన్నా ఒక్క వెంట్రుకవాసి వేగం, అంతే. ఇంత నెమ్మదిగా పొలొనేజ్ నడిపితే వాయించేవాళ్లకు చిరాకు. ఎందుకంటే సోలో వయొలిన్‌కు ఆయన ఇచ్చిన గమనాలు మెరుపులా దూకేవి కావు, మధ్య స్థాయిలో, కింది తీగల మీద, చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వేగం పెంచితే అవి కాస్త కచేరీ తళుకులా వినిపిస్తాయి. అందుకే చాలామంది ఆ అంకెను పక్కన పెట్టి గబగబా వాయించేశారు. ఫలితం ఏమిటంటే, అప్పుడది మామూలు కచేరీ ఫినాలేలా, అదీ అంత బాగాలేని ఫినాలేలా వినిపిస్తుంది. వేగంగా వాయించి, 'చూశారా, ఇందులో ఏమీ లేదు' అనడం భలే పద్ధతి.

1990లలో వయొలినిస్ట్ గిడోన్ క్రేమర్, కండక్టర్ నికొలౌస్ హార్నొన్‌కూర్‌తో కలిసి షూమన్ చెప్పిన నెమ్మదికే దగ్గరగా రికార్డు చేశాడు. అది మొదటిసారి వింటే ఎక్కడో తప్పు జరిగిందనిపిస్తుంది, అంత బరువు. రెండోసారి వింటే ఆ గమనాల్లో ప్రతి స్వరం విడిగా వినపడుతుంది, కింద చెక్కవాద్యాలు సోలోతో మాట్లాడుకోవడం వినపడుతుంది, దర్బారులోకి పెద్దమనుషులు ఒక్కొక్కరే నడిచి వస్తున్నట్టు ఉంటుంది. కొషూష్కో, సోబియెస్కీ అప్పుడు కనిపిస్తారు. షూమన్ దగ్గరున్న మెట్రోనోమే చెడిపోయిందన్న పాత కథ ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆయన అంకెలన్నీ కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. పోనీ అంకె వదిలేద్దాం, 'వేగంగా కాదు' అని అక్షరాల్లో కూడా రాశాడు కదా. అంతమాత్రాన ఈ మూవ్‌మెంట్ గొప్పదైపోదు. అదే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది, పది నిమిషాల తర్వాత చెవికి కొత్తదేదో కావాలనిపిస్తుంది, అది రాదు. లోపం ఉంది. కానీ అది పిచ్చివాడి లోపం కాదు, ఒక పంతం పట్టిన రచయిత లోపం.

దీని తర్వాతి కథ మరీ విడ్డూరం. యోఆకిమ్‌కు వరసకు మనవరాలయ్యే యెలీ డరాన్యి అనే వయొలినిస్ట్, 1933లో ఆత్మలతో మాట్లాడే గోష్ఠిలో షూమన్ ఆత్మే వచ్చి తన కాన్సెర్టో వెతికి వాయించమందని చెప్పింది. కాస్త అటూ ఇటూగా ప్రచురణకర్తల దృష్టి కూడా దాని మీద పడింది. వయొలినిస్ట్ మెనూహిన్‌కు స్కోరు చూపిస్తే, వయొలిన్ సాహిత్యంలో తెగిపోయిన లంకె దొరికిందని ఎగిరి గంతేశాడు. ఈలోపు నాజీ ప్రభుత్వం అడ్డుపడింది, మొదటి ప్రదర్శన జర్మనీలోనే, జర్మన్ కళాకారుడే చేయాలంది. సంగీతకారుడు మెండెల్సన్ యూదుడు కాబట్టి ఆయన వయొలిన్ కాన్సెర్టోను వేదికల మీద నుంచి తీసేశారు, దాని స్థానంలో పెట్టుకోవడానికి ఇంకో రొమాంటిక్ జర్మన్ కాన్సెర్టో కావాలి. అలా 1937 నవంబరు 26న బెర్లిన్‌లో, గెయోర్గ్ కూలెన్‌కాంఫ్ సోలో, కార్ల్ బోమ్ నిర్వహణలో, రాజ్య సాంస్కృతిక ఉత్సవంలో అది బయటికొచ్చింది. దాన్ని యూదు కుటుంబంలో పుట్టిన యోఆకిమ్ కోసమే రాశాడన్న సంగతి అప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయింది. పైగా సోలో భాగాన్ని 'మెరుగుపరిచింది' సంగీతకారుడు హిండెమిత్ అని తర్వాత తెలిసింది, ఆయనేమో అదే ప్రభుత్వం దృష్టిలో పనికిరాని వాడు. మెనూహిన్ కొద్ది వారాల్లోనే అమెరికాలో మూల పాఠాన్ని వాయించాడు. షూమన్ చిన్నకూతురు ఒయిగేనీ మాత్రం అమ్మ వద్దన్నదాన్ని బయటపెట్టడం అన్యాయమని గట్టిగానే మొత్తుకుంది.

అంటే ఈ రచన మీద తీర్పు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ సంగీతం కన్నా వేరే కారణాలే ముందున్నాయి. మొదట ప్రేమ, రెండోసారి ఆత్మల గోష్ఠి, మూడోసారి రాజకీయం. ప్రేమ అన్నది వెటకారం కాదు. క్లారా కోణం నుంచి చూస్తే, ఆమె పియానో కచేరీలు చేసి పిల్లలను పోషిస్తూ, భర్త పేరును లోకం ముందు నిలబెడుతోంది. ఆయనకు పిచ్చి అని ఊరంతా తెలుసు. ఇలాంటప్పుడు కాస్త వింతగా ఉన్న రచన బయటికొస్తే దాన్ని పట్టుకుని జనం ఏమంటారో ఊహించడం కష్టం కాదు. భయం ఉన్నచోట విమర్శ సరిగ్గా నడవదు. పైగా ఎండెనిష్‌లో ఉన్న రెండేళ్లలో ఆమెను ఆయన్ని చూడనివ్వలేదు, చూసింది 1856 జూలై 27న, చనిపోవడానికి రెండు రోజుల ముందు. ఆ చూపు కళ్ల ముందు పెట్టుకుని 1853 నాటి రాతప్రతులు చదివితే ఎవరికైనా అలసటే కనిపిస్తుంది.

జబ్బు సంగతి కూడా సూటిగా చెప్పుకోవాలి. ఎండెనిష్ డాక్టర్ రిషార్జ్ రాసుకున్న రోజువారీ నమోదులు చాలాకాలం కనపడలేదు, 1990లలో బయటపడి, 2006లో పూర్తిగా అచ్చయ్యాయి. వాటిలో, 1831లో తనకు సిఫిలిస్ సోకిందని, ఆర్సెనిక్‌తో వైద్యం జరిగిందని షూమన్ స్వయంగా చెప్పినట్టు ఉంది. అదే కారణమా, బైపోలార్ జబ్బా, రెండూనా అన్న చర్చ డాక్టర్ల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. సాగనివ్వండి. సంగీతానికి సంబంధించిన ప్రశ్న వేరు: ఒక జబ్బు మనిషిని దెబ్బతీస్తోందంటే, ఆ దెబ్బ రచనల మీద ఒక వరసలో కనిపించాలి కదా? అలా కనిపించదు.

1853 శరదృతువు లెక్క వేయండి. వయొలిన్ కాన్సెర్టో అక్టోబరు 3కి ముగిసింది. సరిగ్గా అప్పుడే 20 ఏళ్ల బ్రామ్స్ తలుపు తట్టాడు. ఆ వెంటనే ఒకే వారంలో క్లారినెట్, వియోలా, పియానో కోసం నాలుగు కథల లాంటి ముక్కలు, ఓపస్ (రచన సంఖ్య) 132. ఆ తర్వాతి వారం 'వేకువ పాటలు' అనదగ్గ ఐదు పియానో ముక్కలు, ఓపస్ 133. నెలాఖరుకు యోఆకిమ్‌ను ఆశ్చర్యపరచడానికి సంగీతకారుడు డీట్రిష్, బ్రామ్స్‌లతో కలిసి ఎఫ్.ఎ.ఇ. సొనాటా (ఆ అక్షరాలు యోఆకిమ్ నినాదం 'స్వేచ్ఛగా, కానీ ఒంటరిగా'కు జర్మన్ పొట్టి రూపం), అందులో రెండు మూవ్‌మెంట్లు షూమన్‌వి, వాటికి తనవే ఇంకో రెండు కలిపి వెంటనే మూడో వయొలిన్ సొనాటా చేశాడు. బ్రామ్స్ ఎవరో లోకానికి చెప్పిన 'కొత్త దారులు' వ్యాసం అక్టోబరు 28న అచ్చయింది. ఆయన రాసిన మాటల్లో అంత పదును, అంత చూపు ఉందే, అదే నెలలో రాసిన స్వరాల్లో మాత్రం బుద్ధి మందగించిందా? ఎఫ్.ఎ.ఇ. సొనాటాను ఆటపాటగా మెచ్చుకున్నవాళ్లే మూడో సొనాటాను దాచేశారు, అది అచ్చుకు నోచుకున్నది 1956లో. సగం సంగీతం రెండింట్లోనూ ఒకటే! అదే చేతిరాత, అదే సిరా. ఒకదానికి యోఆకిమ్ నవ్వుతూ వాయించిన జ్ఞాపకం తోడుంది, రెండోదానికి లేదు.

'వేకువ పాటలు' గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే చివరి షూమన్ గొప్పవాడా కాదా అన్నదానికి ఏదైనా ఒక్క సాక్ష్యం చూపించమంటే ఇదే చూపించాలి. క్లారా వీటిని విని, ఎప్పటిలాగే కొత్తగా ఉన్నాయి కానీ అర్థం చేసుకోవడం కష్టం, ఏదో వింత ధోరణి ఉంది అని డైరీలో రాసుకుంది. ఆమె చెవి మంచిది, సరిగ్గానే పట్టుకుంది. మొదటి ముక్క డి మేజర్‌లో, చాలా మెల్లగా, తోడు స్వరాలు లేని ఒంటి గీతగా మొదలవుతుంది, చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నట్టు. తర్వాత చర్చి కీర్తన లాంటి నడక అందుకుంటుంది. ఆ నడకలో గొంతులు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చి రాసుకుంటాయి, పక్కపక్క స్వరాలు ఒకేసారి మోగి చెవిలో ముల్లులా గుచ్చి, మళ్లీ విడిపోతాయి. ఇవి తప్పులు కావు. ఆ ముల్లు ఎక్కడ గుచ్చాలో, ఎంతసేపు ఉంచాలో లెక్క ఉంది. ఇరవై ఏళ్ల వయసులో షూమన్ ఒక ముక్కలో పది ఆలోచనలు పెట్టేవాడు, ముసుగులు మార్చేవాడు, సగంలో వదిలేసి ఇంకో దాంట్లో దూకేవాడు. ఇక్కడ ఒకే ఆలోచన, దాన్ని వదలడు. మూడో ముక్కలో గుర్రపు నడక ఒకటి ఉంటుంది, మొదలైంది మొదలు ఆగదు. ఇష్టపడేవాళ్లకు అది బిగువు, ఇష్టపడనివాళ్లకు అది పట్టు తప్పిన మొండితనం. కానీ ముందున్న షూమన్‌తో పోల్చి 'తగ్గింది' అనడం కుదరదు, ఎందుకంటే ఇది అదే పని తక్కువగా చేయడం కాదు, వేరే పని.

ఆ వేరే పని ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కనిపిస్తూనే ఉంది. అప్పటికి ఆయన ఏళ్ల తరబడి బాఖ్‌ను నమిలి మింగుతున్నాడు. బాఖ్ ఒంటరి వయొలిన్ రచనలకు, చెల్లో సూట్లకు పియానో తోడు రాశాడు. పిల్లల కోసం రాయడం కూడా అలవాటైంది, 1853 జూన్‌లో ముగ్గురు కూతుళ్లకు మూడు చిన్న సొనాటాలు రాశాడు. 1852 చివర్లో స్కాట్లాండ్ రాణి మేరీ స్టూవర్ట్ పేరు మీదున్న ఐదు కవితలకు కట్టిన పాటల్లో పియానో దాదాపు ఎముకల గూడు. ఐదింటిలో నాలుగు ఇ మైనర్, ఒకటి ఎ మైనర్, రంగు మార్చడానికి కూడా ఒప్పుకోలేదు. 1840లో పియానోతో కవిత్వం చెప్పించిన మనిషి ఇలా రాశాడంటే చేతకాక రాశాడనుకోవాలా, కావాలని రాశాడనుకోవాలా? చావుకు సిద్ధపడుతున్న రాణి మాటలకు అలంకారాలు ఏం పెడతారు.

ఇంతా చెప్పి, చివరి రచనలన్నీ కళాఖండాలే అంటే అది ఇంకో రకం అన్యాయం. ఈమధ్య ఆ గాలి కూడా వీస్తోంది, పాత తీర్పు తప్పని తేలింది కాబట్టి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది ఒప్పన్నమాట. కాదు. 1853 వసంతంలో రైన్ సంగీతోత్సవం కోసం రాసిన ద్రాక్షసారా పాట ఓవర్చర్ మళ్లీ వినాలని ఎవరికీ అనిపించదు. ఉత్సవానికి కావాల్సింది కాస్త సందడి, అది ఇచ్చాడు. డ్యూసెల్‌డార్ఫ్ గాయకబృందాల కోసం రాసిన బృందగాన కథాగీతాలు నాలుగు ఉన్నాయి, వాటిలో అక్కడక్కడా మంచి క్షణాలున్నా, మిగతాదంతా కథ ముందుకు నెట్టడానికి చేసిన కూలిపనిలా ఉంటుంది. యోఆకిమ్ కోసమే రాసిన వయొలిన్ ఫాంటసీ బాగానే ఉంటుంది, అంతే. తమాషా ఏమిటంటే దీన్ని యోఆకిమ్ కచేరీలో వాయించాడు, కాన్సెర్టోను దాచేశాడు. రెంటికీ మధ్య ఎడం కొన్ని వారాలే. బలహీనమైన వాటికి కారణం కూడా జబ్బులో వెతకక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నవాడు సందర్భానికి రాస్తాడు, సందర్భం పోయాక అవి నిలవవు. ఆరోగ్యంగా ఉన్న ఏ సంగీతకారుడి జాబితాలోనైనా ఇలాంటివి ఉంటాయి, వాటి గురించి ఎవరూ మెడికల్ రిపోర్టు అడగరు.

బీథోవెన్‌తో పోలిక ఇక్కడే పనికొస్తుంది. 1826లో ఆయన ఓపస్ 130 క్వార్టెట్ మొదటిసారి వాయించినప్పుడు చివరి ఫ్యూగ్‌ను, అంటే ఒకే రాగాన్ని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే భాగాన్ని, విమర్శకులు అర్థం కాని భాషలా ఉందన్నారు, చెవుడు కారణమన్నారు. ప్రచురణకర్త మాట విని బీథోవెన్ దాన్ని తీసేసి ఇంకో ఫినాలే రాశాడు కూడా. ఇప్పుడు ఆ ఫ్యూగ్ ముందు అందరూ టోపీ తీస్తారు. తేడా ఏమిటంటే బీథోవెన్ చెవుడు కథ వీరగాథ అయింది, విధిని ఎదిరించిన మనిషి కథ. పిచ్చికి అలాంటి గౌరవం దొరకలేదు. శరీరం పాడైతే మనసు గెలిచింది అనొచ్చు, మనసే పాడైతే ఇక గెలిచింది ఎవరు అన్న ప్రశ్న దగ్గర జనం ఆగిపోయారు. ఇద్దరి సంగీతంలోనూ విన్నది ఒకటే రకం: చుట్టుకునే ప్రతిస్వరం, మొండి పునరుక్తి, వినేవాళ్లను పట్టించుకోని తనం.

ఇక నదిలో దూకిన రోజున రాస్తున్న ఆ వేరియేషన్లు. వాటిలో మాత్రం జబ్బు లేదని అనడానికి ఎవరికీ నోరు రాదు. ఫిబ్రవరి 17 రాత్రి లేచి, దేవదూతలు ఒక రాగం పాడి వినిపించారని చెప్పి, ఈ-ఫ్లాట్ మేజర్‌లో రాసుకున్నాడు. తర్వాతి రోజుల్లో దాని మీద ఐదు వేరియేషన్లు. దూకిన మర్నాడు మిగతా శుభ్రప్రతి పూర్తి చేశాడు. మరి ఆ రాగం దేవదూతలదా? కాదు, ఆయనదే. నాలుగు నెలల కిందట వయొలిన్ కాన్సెర్టో నెమ్మది మూవ్‌మెంట్‌లో దాదాపు అదే రాగం రాశాడు. 1842 నాటి ఒక క్వార్టెట్‌లోనూ దాని చుట్టం ఉంది. తన సొంత స్వరాన్ని తానే గుర్తుపట్టలేకపోయాడు, ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఈ కథలో ఇంకొకటి లేదు. అయినా వేరియేషన్లు చూస్తే చెయ్యి తడబడలేదు. రెండోది శుభ్రమైన కానన్, ఒక గొంతు వెనకే ఇంకో గొంతు అదే బాటలో నడుస్తుంది. నాలుగోది జి మైనర్‌లోకి దిగుతుంది. రాగాన్ని మాత్రం ఎక్కడా పెద్దగా మార్చడు, చెక్కుచెదరకుండా అలాగే పట్టుకుని, చుట్టూ ఉన్నవాటినే మారుస్తాడు. ఐదోదానికి వచ్చేసరికి చుట్టూ ఉన్న స్వరాలు మసకబారి, అర స్వరాలుగా జారి, రాగాన్ని దాదాపు కప్పేస్తాయి, ఆపైన ముగింపు ముక్తాయింపు ఏమీ లేకుండా ఆగిపోతుంది. బ్రామ్స్ ఈ రాగం మీద 1861లో తనూ వేరియేషన్లు రాసి షూమన్ కూతురు యూలీకి అంకితమిచ్చాడు, 1893లో రాగాన్ని మాత్రమే అచ్చు వేయించాడు. షూమన్ వేరియేషన్లు మొత్తం అచ్చయింది 1939లో. రాగం ఇవ్వొచ్చు, దాని మీద ఆయన చేసిన పని ఇవ్వకూడదు. అలా ఎందుకు అనుకున్నారో అర్థమవుతుంది గానీ ఒప్పుకోవడం కష్టం.

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ ఆలస్యంగానైనా బయటికొచ్చినవి, నచ్చినవాళ్లు మెచ్చుకోవచ్చు, నచ్చనివాళ్లు తిట్టుకోవచ్చు. ఒకటి మాత్రం రాలేదు. 1853 నవంబరులో, డ్యూసెల్‌డార్ఫ్ కమిటీతో గొడవ ముదిరిన రోజుల్లోనే, చెల్లో, పియానో కోసం ఐదు రొమాన్సులు రాశాడు. క్లారా వాటిని నలభై ఏళ్లు దగ్గర పెట్టుకుని, 1893లో కాల్చేసింది. తన తర్వాత ఎవరైనా వాటిని అచ్చు వేస్తారన్న భయం. ఆమె చేసింది సరైన పనే అని బ్రామ్స్ మెచ్చుకుంటూ ఒక మిత్రుడికి చెప్పాడు కాబట్టే ఈ సంగతి మనకు తెలిసింది. వేరే ప్రతి ఏదీ లేదు. 2003లో స్విస్ సంగీతకారుడు హైంజ్ హొల్లిగర్ చెల్లో, పియానో కోసం ఒక రచన చేశాడు, ఫ్రెంచిలో రొమాన్సులు, బూడిద అనే రెండు మాటలు అతికించి దానికి పేరు పెట్టాడు.